ఎర్ర గీతల పుస్తకం

విశాఖ రేవు వదిలిన కాసేపటికి ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎక్కేవాళ్లకి ఇదేం కొత్త కాదు. దాదాపు 1,200 కిలోమీటర్ల నీళ్లు, రెండున్నర రోజుల ప్రయాణం. బంక్ క్లాసులో ఎవరి ఏర్పాట్లు వాళ్లకున్నాయి. నా కింద పడకలో పెద్దావిడ పలాస జీడిపప్పు మూటని తలకింద పెట్టుకుని పడుకుంది. ఎదురు పడకల కుర్రాళ్లు పేకముక్కలు తీశారు. నేను ఫోన్లో ముందే దింపి పెట్టుకున్న బొమ్మలు తెరిచాను.

అవి ఒక గ్రీకు చేతిరాత పుస్తకం తాలూకు బొమ్మలు. అసలు పుస్తకం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో హార్లీ 5598 అనే నంబరు మీద ఉంది. 374 ఆకులు, అన్నీ చర్మపత్రాలు. ఒక తోలుకి రెండు జంట ఆకులు వచ్చాయనుకున్నా దాదాపు వంద జీవాల తోళ్లు అందులో ఉన్నట్టు లెక్క. రాసినవాడు కాన్‌స్టాంటైన్ అనే గుడి గురువు. 995వ సంవత్సరం మే 27న రాత ముగించినట్టు చెప్పుకున్నాడు. అప్పటికి మన నన్నయ భారతానికి శ్రీకారం చుట్టడానికి ఇంకా అర్ధశతాబ్దం పైమాటే.

ఇది బైబిలు కాదు, సువార్తల పుస్తకమూ కాదు. ఏ రోజు గుడిలో ఏ భాగం చదవాలో ఆ వరసలో సువార్తల్ని ముక్కలు చేసి రాసిన పఠన గ్రంథం. ఇంగ్లీషువాళ్లు దీన్ని లెక్షనరీ అంటారు. కథ వరస ఇందులో దొరకదు. యేసు పుట్టుక ముందూ, మరణం చివరా ఉండవు. పునరుత్థాన పండుగ నాడు చదివే యోహాను సువార్త మొదటి మాటలతో ఇలాంటి పుస్తకం మొదలవుతుంది. పెంతెకోస్తు దాకా యోహాను, ఆ తర్వాత మత్తయి, ఆపైన లూకా. ఎక్కువగా ఉపవాస దినాల శని, ఆదివారాల్లో మార్కుకి చోటు. ఇక్కడికి మొదటి భాగం అయిపోతుంది. రెండో భాగం సెప్టెంబరు 1న మొదలయ్యే నెలల వరస. ఎందుకంటే బైజాంటియం రాజ్యానికి ఆనాడే సంవత్సరాది.

మనకిది అర్థం కావడం కష్టమేం కాదు. ఉగాది చంద్రుణ్ణి బట్టి ఏటా జరుగుతుంది. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి జనవరి నడుమ కదలకుండా కూర్చుంటుంది. రెండు లెక్కల్నీ ఒక్క పుస్తకంలో సర్దడానికే మనవాళ్లు పంచాంగం కట్టారు. గ్రీకు గురువులకూ ఆ తిప్పలే వచ్చాయి. కదిలే పండగలన్నిటినీ ముందు భాగంలో పెట్టారు, కదలని తేదీలన్నిటినీ వెనక భాగంలో పెట్టారు. ఇలాంటి గ్రీకు పఠన గ్రంథాలు చిన్నవీ పెద్దవీ కలిపి 2,400కి పైగా ఇవాళ పండితుల పట్టికల్లో ఉన్నాయి.

కాన్‌స్టాంటైన్ పుటని పెద్దది చేసి చూశాను. పుటకి రెండు నిలువు వరసలు. అక్షరాలు విడివిడిగా, బారుగా ఉన్నాయి. ఆ కాలానికి మామూలు పుస్తకాలు గొలుసుకట్టు చిన్న అక్షరాల్లోకి మారిపోయాయి. గుడి పుస్తకం మాత్రం పాత పెద్ద అక్షరాల్ని ఇంకా వదల్లేదు. నల్లటి వరసల పైనా కిందా ఎర్ర సిరాతో కొక్కేలు, వంకర గీతలు, చుక్కలు. చదివేవాడి గొంతు ఎక్కడ లేవాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ దిగాలో చెప్పే గుర్తులవి. వేద పాఠంలో అక్షరాల మీదా కిందా స్వరాల గీతలు చూసినవాళ్లకి ఇది వెంటనే బోధపడుతుంది. ఆ గ్రీకు గుర్తుల అసలు రాగమేదో ఇప్పుడు నిక్కచ్చిగా చెప్పగలవాళ్లు లేరు. గీత మిగిలింది, గొంతు పోయింది.

నేను బయల్దేరింది మాత్రం గ్రీకు పని మీద కాదు. విశాఖలో ఒక మిత్రురాలు, బ్రూక్షాబాద్‌లో ఉన్న వాళ్ల తాతకి అయిదు కిలోల చింతపండు, ఒక జాడీ పండుమిరప పచ్చడి, బీపీ మాత్రలు నా చేతికిచ్చింది. "మా తాత దగ్గర కూడా నువ్వు చూసే పుస్తకం లాంటిదే ఉంది. వెళ్తే చూపించమను" అంది. నవ్వి ఊరుకున్నాను. చింతపండు బరువు మాత్రం నవ్వులాటగా లేదు.

మూడో రోజు హడ్డో రేవులో దిగాం. కేంద్రం 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేరు పెట్టింది. రేవు బయట ఆటోవాళ్లు ఇంకా రెండు పేర్లూ కలిపే వాడుతున్నారు. నేను ఎక్కిన ఆటో అతను నా నోట 'బ్రూక్షాబాద్' విని, తీసుకెళ్లి బ్రిచ్‌గంజ్ మిలిటరీ గేటు ముందు ఆపాడు. తప్పు అతనిది కాదు, పేర్లది. ఆస్టినాబాద్, బీడనాబాద్, హెర్బర్టాబాద్, డాలీగంజ్, వింబర్లీగంజ్: ఈ దీవి ఊళ్లకి ముందు సగం ఎవరో దొరది, వెనక సగం పారశీ. 1858లో ఇక్కడ ఖైదీల వలస పెట్టినప్పటి నుంచీ, శిక్షలో కొంత భాగం గడిచి నడవడి బాగుందనిపించుకున్న ఖైదీలకి నేల ఇచ్చి ఊళ్లు కట్టించారు. పేరు పెట్టేటప్పుడు మాత్రం పైఅధికారులే గుర్తొచ్చారు. దున్నినవాడి పేరుతో ఊరు కనబడడం అరుదు.

బ్రూక్షాబాద్ నగరానికి దక్షిణాన ఉంది. దారంతా ఎత్తుపల్లాలు. ఒక మలుపులో సముద్రం కనబడుతుంది, మరో మలుపులో వక్క తోటలు, మధ్యలో రేకుల కప్పు ఇళ్లు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. గోడల మీద నాచు పట్టి ఊరంతా కాస్త పచ్చగానే ఉంటుంది. కిరాణా కొట్టు ముందు ఇద్దరు ఆడవాళ్లు హిందీలో బేరం ఆడుతూ, మధ్యలో "ఏటే, అంత చెప్తన్నాడు" అనుకున్నారు. దారి అడగాల్సిన వాళ్లెవరో తెలిసిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో పదముగ్గురి ఇంటి భాష తెలుగు. వాళ్లలో ఎక్కువమందిది ఉత్తరాంధ్ర తీరం.

తాత వరండాలోనే ఉన్నాడు. బక్కగా, నిటారుగా ఉన్నాడు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది.

"వందనాలు తాతా."

"వందనాలు బాబూ. గుంట పంపిందా? ఓడలో వొచ్చీసేవా?" అని, చింతపండు మూట చేతిలోకి తీసుకుని తూకం చూసి, "ఇంత మోసేవంటే నువ్వు మంచోడివే" అన్నాడు.

కళింగపట్నం దగ్గర ఊరు. ఇరవై ఏళ్లప్పుడు వచ్చి ఛాతం రంపపు మిల్లులో చేరాడు. 1883లో మొదలైన మిల్లు అది, ఇప్పటికీ ఉంది. దుంగ కోతకి వెళ్లే ముందు ఎక్కడ కొయ్యాలో ఎర్ర పెన్సిల్‌తో గీత పెట్టేవాళ్లలో ఈయన ఒకడు. "రంపం నా గీత మీదే ఎల్లాలి. ఒక్కసారి నా ఏలు మీద ఎల్లింది" అని నవ్వాడు. ఆ మిల్లులోనే పడౌక్ చెక్క ముక్కలు కొనుక్కుని చేయించుకున్న వ్యాసపీఠం ఒకటి గూట్లో ఉంది. ఎర్రటి చెక్క, చేతులు తగిలిన చోట నల్లబడి నున్నగా మెరుస్తోంది. దాని మీద పాలిథిన్ సంచిలో చుట్టిన బైబిలు. సంచి విప్పగానే కర్పూరం వాసన, వెనకే వేపాకు వాసన, ఆ వెనక ఎంత దాచినా దాగని బూజు వాసన.

పాత అనువాదం తెలుగు బైబిలు. అట్ట రెండుసార్లు మార్చాడట. పై అంచున దారాలు వేలాడుతున్నాయి, తెల్లవీ, నీలివీ, నల్లవీ. మత్తయి దగ్గర తెరిచాను.

అచ్చు వరసల పైన ఎర్ర గీతలు. అక్కడక్కడ నిలువు గీత, అక్కడక్కడ కింద చిన్న వంపు, కొన్ని చోట్ల మాట చివర కొక్కెం. మిల్లు పెన్సిల్ సీసం లావు కాబట్టి గీత అంచులు కాగితం మీద కొంచెం పరుచుకున్నాయి. ఓడలో రెండు రోజులు చూసిన పుటే కళ్లముందు మళ్లీ లేచింది.

"ఇవేటి తాతా?"

"నిలువు గీతుంటే ఊపిరి తియ్యాలి. కింద వొంపుంటే గొంతు దించాలి. కొక్కెం ఉంటే లాగాలి. మా అయ్య నోటితో చెప్పీవోడు. నాకు మతి ఉండదని గీసుకున్నాను."

సాయంత్రం కూడికకి ఎనిమిది మంది వచ్చారు. ఇంటి ప్రార్థన, పాస్టరుగారు లేరు. బయట వాన మొదలై రేకుల మీద శబ్దం పెరిగింది. తాత వ్యాసపీఠం ముందు నిలబడి, సగం వేలు వరస కింద పెట్టి, "ఆ కాలమందు..." అని ఎత్తుకున్నాడు. శ్రీకాకుళం వైపు రాత్రుళ్లు జముకుల కథ వినేవాళ్లకి తెలుసు, మాట చివర ఒక సాగు ఉంటుంది. అలాంటి సాగే ఇదీ. వాన జోరెక్కినప్పుడు గొంతు పెంచలేదు, ఆగాడు. తగ్గాక అందుకున్నాడు. పదేళ్ల పిల్ల ఒకతి పెదాలు కదుపుతూ వెంట చదువుతోంది. బడిలో హిందీ, ఇంగ్లీషు, తెలుగు చదువు మాత్రం ఈ వరండాలోనేనట.

అయిపోయాక అడిగాను. "తాతా, ఆ అధ్యాయంలో 'ఆ కాలమందు' అని లేదు కదా?"

"లేదు. మజ్జిలోంచి ఎత్తుకుంటే ఇన్నోడికి కాలూ సెయ్యీ ఆడదు గదా. అందుకని ముందు ఆ మాట ఏస్తాం. మా అయ్యా అలగే."

గ్రీకు పఠన గ్రంథాల్లో ఎన్నో భాగాలు సరిగ్గా ఇలాగే మొదలవుతాయి. 'తో కైరో ఎకీనో', అంటే 'ఆ కాలమందు'. సువార్త రాసినవాళ్లు పెట్టిన మాట కాదది. కథలోంచి ఒక ముక్కని కోసి తెచ్చి వినిపించేటప్పుడు, కోత దగ్గర దారం పోగులు ఊడకుండా గుడివాళ్లు వేసిన కుట్టు. 'ఆయన అన్నాడు' అని ఉన్న చోట 'యేసు అన్నాడు' అని మార్చడం కూడా అందుకే. ఇలాంటి ప్రారంభ వాక్యాలు అరడజను ఉన్నాయి. కళింగపట్నం దగ్గర ఒక తండ్రి గ్రీకు ఎరగడు. వినేవాళ్ల ముందు నిలబడ్డాడు, అంతే. అదే అవసరం అదే మాటని పుట్టించింది.

ఫోన్లో కాన్‌స్టాంటైన్ పుట చూపించాను. తాత కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. అక్షరాల జోలికి పోలేదు. ఎర్ర గుర్తుల దగ్గరే వేలు కదిలింది. "ఇక్కడ లాగుతాడు... ఇక్కడ దిగుతాడు" అన్నాడు. ఆ ఊహ నిజమో కాదో నేనెలా చెప్పగలను! కానీ వాక్యం చివర ఉన్న గుర్తు దగ్గరే ఆయన గొంతు దించాడు.

తాత చేతిలోని పుస్తకానికీ విశాఖ రేవుకీ పాత చుట్టరికం ఉంది. 1720ల చివర మద్రాసులో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనరీ కొత్త నిబంధనని తెలుగు చేశాడు గానీ అది అచ్చు కాలేదు, రాతప్రతి జర్మనీలోని హాలే చేరింది. ఆ తర్వాత 1805లో లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజ్ విశాఖలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడి సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డె గ్రాంజ్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు మాత్రం 1812లో శ్రీరాంపురంలో అచ్చయి బయటికొచ్చాయి. అదే ఏడు మార్చి 11న ఆ అచ్చుశాల తగలబడి ఎన్నో భాషల అక్షరాల పోతలు, రాతప్రతులు బూడిదయ్యాయి. పూర్తి బైబిలు తెలుగులో రావడానికి 1854 దాకా పట్టింది. తెలుగు సువార్త తొలి అచ్చుకి పురుడు పోసిన తీరం నుంచే తాత ఓడెక్కాడు.

ఈ దీవులకీ ఇలాంటి కథ ఒకటుంది. కార్ నికోబార్‌లో పుట్టి బర్మాలో చదువుకున్న జాన్ రిచర్డ్‌సన్ తన జనం భాషలోకి కొత్త నిబంధనని తెచ్చాడు. ఆ భాషని రోమన్ లిపిలో రాస్తారు. 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం దీవుల్ని పట్టుకున్నప్పుడు ఆయన ఖైదు అనుభవించాడు. బిషప్ అయ్యాడు, 1952లో మొదటి లోక్‌సభకి ఈ దీవుల తరఫున నామినేట్ కూడా అయ్యాడు. అనుమతి లేకుండా బయటివాళ్లు కార్ నికోబార్‌లో కాలు పెట్టడానికి లేదు. ఆ గుళ్లలో ఆదివారం పుస్తకం తెరిచే చప్పుడు నేను వినలేదు.

రాత్రి అన్నాలయ్యాక తాత బైబిలు చివరి తెల్ల ఆకు తిప్పి చూపించాడు. మనవరాలు చెప్పిన పుస్తకం అసలు ఇదట. రెండు గళ్లు గీసి ఉంది. ఎడమ గడిలో మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, పునరుత్థాన పండుగ, పెంతెకోస్తు. వాటికి తేదీలు లేవు, అధ్యాయం నంబర్లే ఉన్నాయి. కుడి గడిలో తేదీలతో కొన్ని, తేదీ లేకుండా కొన్ని. డిసెంబరు 25. జనవరి 1. అయ్య పోయిన రోజు. కొత్త బోటు దింపేటప్పుడు మత్తయి 8, తుపాను అణిగే ఘట్టం. ఇల్లు కట్టేటప్పుడు మత్తయి 7, బండమీది ఇల్లు. పిల్లలు పరీక్షకి వెళ్లేటప్పుడు ఒకటి, బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు ఇంకోటి. నవ్వొచ్చింది. కాన్‌స్టాంటైన్ పుస్తకాన్ని రెండుగా చీల్చిన లెక్కే ఇది కూడా.

అడుగున వేరే సిరాతో డిసెంబరు 26 అని ఉంది. దానికెదురుగా ఏ అధ్యాయమూ లేదు.

2004లో ఆ రోజు ఆదివారం. క్రిస్మస్ మర్నాడు. పొద్దున్న ఆరున్నర వేళ సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కదిలింది. వెనకే సముద్రం లేచింది. కార్ నికోబార్, కచ్చాల్, గ్రేట్ నికోబార్ దీవుల్లో తీరం ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. దక్షిణ అండమాన్ నేల దాదాపు మీటరు కిందికి దిగింది. సిప్పీఘాట్‌లో వరి పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు తిరిగి వెళ్లలేదు. తాత చెల్లెలి కుటుంబం అప్పుడు కాంప్‌బెల్ బేలో ఉంది.

"ఇక్కడా మత్తయి ఎనిమిదే పెట్టుకోవచ్చు కదా తాతా?" అన్నాను. అన్నాక నాకే తప్పుగా తోచింది.

"అది బోటెక్కేటప్పుడు సదివేది బాబూ. అందులో గాలి ఆగిపోద్ది. ఆ దినం ఆగలేదు గదా." కాసేపటికి, "ఆ దినం వాక్యం సదవం. పేర్లు సదువుతాం" అన్నాడు. బైబిలు వెనక అట్టలోంచి మడతలు పెట్టిన కాగితం ఒకటి తీశాడు గానీ విప్పలేదు. దాని మడతల మీద కూడా ఎర్ర గీతలు కనబడ్డాయి. పేర్ల మధ్య ఊపిరి తీసుకోవడానికి కాబోలు.

నాకు తెలిసిన ఒక సంగతి అప్పుడు చెప్పాను. 740వ సంవత్సరం అక్టోబరు 26న కాన్‌స్టాంటినోపుల్ నగరాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. కోట గోడలు, గుళ్లు దెబ్బతిన్నాయి. ఆ ఊరి గుడి ఆ తేదీని తన పఠన వరసలోకి ఎక్కించుకుంది. రాజ్యం పోయింది, నగరం పేరు మారింది, తూర్పు సంఘాలు ఆ దినాన్ని ఇప్పటికీ పాటిస్తున్నాయి. ఆ రోజుకి వాళ్లు పెట్టుకున్న వాక్యం మాత్రం మత్తయి 8, తుపాను అణిగే ఘట్టమే.

"ఆగిందా మరి వాళ్లకి?"

"ఏమో తాతా. ఆగాలని పెట్టుకున్నారేమో."

ఆయన ఆలోచించాడు. "ఆ ఊరూ నీళ్లొడ్డునేనా?"

"మూడు వైపులా నీళ్లే."

గూట్లోంచి పెన్సిల్ ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. "అయితే ఆళ్ల దినం కూడా రాయి. నా కంటికి ఆనదు."

ఎక్కడ రాయాలో అడిగాను. డిసెంబరు 26కి పైన కొంచెం చోటుంటే సగం వేలితో చూపించాడు. అక్టోబరు 26 అని రాశాను.

"వాక్యం?"

"ఆళ్లు పెట్టుకున్నదే పెట్టు. మనం మార్చకూడదు."

మత్తయి 8 అని రాశాను. సీసం లావుగా ఉండి, నా అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పాకాయి. తాత వంగి ఊది పొడి దులిపాడు. రెండు కర్పూరం బిళ్లలు కొత్తవి వేసి పాలిథిన్ చుట్టాడు. "పొద్దున్నే తొరగా లెగు బాబూ, మొదటి బస్సు పోతే ఎండలో నడవాలి" అని లాంతరు తగ్గించాడు.